హైడెల్‌బర్గ్ వెళ్లేవారికి జాగ్రత్తలు: నెకార్ నదిలో కాలు పెట్టవద్దు

జర్మనీలో ఎండలు మొదలయ్యే మే నెల వచ్చేసరికి, స్నేహితులతో విహారానికి వెళ్లిన తెలుగు విద్యార్థి నదిలో కొట్టుకుపోయాడన్న వార్త, భౌతికకాయాన్ని స్వగ్రామానికి చేర్చడానికి తల్లిదండ్రులు సాయం కోరుతున్నారన్న వార్త కొన్నేళ్లుగా మన పత్రికల్లో కనిపిస్తున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్, మన్‌హైమ్ పరిసరాల్లో ఉండేవారు, వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు తొలి వారాంతంలోనే చూడాలనుకునే ఊరు హైడెల్‌బర్గ్ కనుక ఆ ఊరి గురించే, ముఖ్యంగా దాని గుండా పారే నెకార్ నది గురించే రాస్తున్నాను. పాస్‌పోర్టు, జేబుదొంగలు, గొడుగు సంగతులు అందరికీ తెలిసినవే.

1788లో పూర్తయిన పాత రాతివంతెన మీద నిలబడి చూస్తే నెకార్ నది ఊరి చెరువులా నిలకడగా కనిపిస్తుంది. ఆ నిలకడ నదిది కాదు, ఆనకట్టలది. వంతెనకు ఎగువన కార్ల్‌స్టోర్ అనే పాత నగరద్వారం దగ్గర ఒకటి, దిగువన వీబ్లింగెన్ దగ్గర ఒకటి నీటిని ఆపి, ఓడలు నడవడానికి తగిన లోతును నిలబెడుతున్నాయి. గోదావరి జిల్లాల వారికి లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మన్‌హైమ్ నుంచి ఎగువకు వెళ్లే సరుకు ఓడలు ఇక్కడ అలాంటి లాకులే దాటుకుంటూ పోతాయి. ఎగువన స్టుట్‌గార్ట్ వైపు భారీ వానలు పడితే, హైడెల్‌బర్గ్‌లో చుక్క రాలకపోయినా ప్రవాహ వేగం పెరుగుతుంది. పైకి మాత్రం పెద్ద తేడా కనిపించదు.

నది కనిపిస్తే కాళ్లు కడుక్కుని, నాలుగు చుక్కలు తలమీద చల్లుకోవడం మనకు అలవాటు. మన రేవుల్లో మెట్లుంటాయి, లోతు మెట్టుమెట్టుగా తెలుస్తుంది. థియోడర్ హాయిస్ వంతెనను ఆనుకుని ఉత్తరపు ఒడ్డున ఉన్న నెకార్‌వీజె పచ్చికమైదానం దగ్గర అలాంటి రేవు లేదు. అక్కడ నేను పదేపదే చూసే తప్పు ఒక్కటే. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, ఒక చేత్తో ఫోను పైకెత్తి, వెనుక కొండమీది హైడెల్‌బర్గ్ కోట, పాత వంతెన రెండూ ఫొటోలో పడాలని వెనక్కి ఒక అడుగు వేస్తారు. నీటి అంచున రాళ్లకు పాచి పట్టి ఉంటుంది. మడమ జారితే తరువాతి అడుగుకు నేల దొరుకుతుందన్న నమ్మకం లేదు. అడిగితే అందరిదీ ఒకటే మాట: “మోకాళ్ల లోతే కదా.”

ఆ మోకాళ్ల లోతు కూడా నిలకడైనది కాదు. వంద మీటర్ల పొడవుండే సరుకు ఓడ దగ్గరికి వస్తున్నప్పుడు ఒడ్డున నీరు ముందు తగ్గుతుంది, ఓడ వైపు లాగుతుంది. ఓడ దాటిపోగానే తిరిగి ఒడ్డు మీదికి తోసుకొస్తుంది. నీరు తగ్గింది కదా అని రెండడుగులు లోపలికి వేసే పిల్లలను ఆ లాగుడే తీసుకుపోతుంది. ఓడ వెంటనే ఆగలేదు. ముందున్న మనిషి తల నడిపేవాడికి కనిపించకపోవచ్చు కూడా.

ఈత వచ్చినవారికి మరింత గట్టిగా చెప్పాలి. బావిలోనూ, కాలువలోనూ నేర్చిన ఈత గోరువెచ్చని నీటి ఈత. మే నెలలో ఎండ 28 డిగ్రీలున్నా నది నీరు 15 డిగ్రీల దగ్గరే ఉండవచ్చు. అంత చల్లని నీటిలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే ఈతతో పని ఉండదు. జర్మనీలో ఏటా వందల మంది మునిగి చనిపోతున్నారు, వారిలో ఎక్కువ మంది నదుల్లో, సరస్సుల్లోనే. కాబట్టి మళ్లీ చెబుతున్నాను: మోకాళ్ల దాకా కూడా దిగవద్దు.

ఎవరైనా పడిపోతే వెంట దూకవద్దు. ఒకరి వెనుక ఒకరు దూకిన చోట ఇంటికి రెండు శవాలు వస్తాయి. ముందు 112కు ఫోను చేసి, దగ్గరలోని వంతెన పేరు, మీరు ఏ ఒడ్డున ఉన్నారో చెప్పండి. లైఫ్ రింగ్ కనిపిస్తే విసరండి. లేకపోతే గట్టున బోర్లా పడుకుని చున్నీ గానీ కోటు గానీ అందించండి. ఒక మనిషి మాత్రం పడినవారి మీది నుంచి చూపు తిప్పకూడదు.

ఫ్రెంచి సేనలు 1689లోనూ, 1693లోనూ ధ్వంసం చేసిన కోటకు పెద్దవాళ్లను నడిపించి తీసుకెళ్లవద్దు, కొండరైలు ఉంది. నదికి ఉత్తరాన కొండవాలు మీద ఉన్న తత్త్వవేత్తల బాట నుంచి పాత వంతెనకు దిగే ష్లాంగెన్‌వేగ్ మెట్లదారి వాన పడినప్పుడు దిగవద్దు, తడిసిన రాయి బూటును కూడా నిలవనీయదు. వంతెన గోడ ఎక్కి కూర్చోవద్దు. బాణసంచా రాత్రుల్లో చీకట్లో నీటి అంచుకు పోవద్దు. తాగి ఒడ్డుకు రావద్దు. వరద హెచ్చరిక ఉంటే ఒడ్డు రోడ్డు పక్కన కారు ఆపవద్దు; 1784లో మంచుగడ్డలతో వచ్చిన వరద అంతకు ముందున్న వంతెననే తీసుకుపోయింది. అడ్డుకంచె దాటవద్దు. పిల్లల బంతి నీటిలో పడితే పోనివ్వండి. చెప్పు పడినా, ఫోను పడినా పోనివ్వండి. మోకాళ్ల లోతే కదా అంటూ ఎవరైనా దిగబోతే వారి ఫొటో తీయవద్దు; మీ ఫోను జేబులో పెట్టి, గట్టెక్కమని గట్టిగా అరవండి.