శ్రీకాకుళం కొత్తగా వచ్చి విండ్‌సర్ఫింగ్‌కి (తెరచాప ఉన్న బోర్డు మీద నిలబడి గాలితో నీళ్లపై సాగే ఆట) చోటు వెతుకుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

- అన్నిటికంటే ముందు గాలి. గుప్పెడు పొడి ఇసుక వదిలి చూడండి, అది సముద్రం వైపు ఎగిరితే ఆ రోజు దిగొద్దు. మనకి సముద్రం తూర్పున ఉంది కాబట్టి పడమటి గాలికి బోర్డు సముద్రం లోపలికి కొట్టుకుపోతుంది, తిరిగి రావడం కొత్తవాళ్ల వల్ల కాదు.
- గంటకు 13–20 కిలోమీటర్ల గాలి చాలు.
- కళింగపట్నం బీచ్ నాకూ ఇష్టమే, కానీ వంశధార సముద్రంలో కలిసే దగ్గర మాత్రం వద్దు, అక్కడ నీళ్ల లాగుడు పైకి కనిపించదు.
- అలలు లేని, నడుం లోతు నీళ్లే వెతకండి. వలలు, గుంటలు ఎక్కడున్నాయో చేపల వేటకెళ్లేవాళ్లని అడగండి.
- లైఫ్ జాకెట్, ఒడ్డున ఒక మనిషి తప్పనిసరి.
- అలసిపోతే తెరచాప నీళ్లలో వదిలేయండి, బోర్డుని మాత్రం వదలకండి.