పడిపోయిన చేతికి ఇంట్లో పని నేర్పించే పద్ధతి

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరగానే మన పల్లెల్లో మొదట జరిగేది, అతని చేతిలోంచి ప్రతి పనీ తీసేసుకోవడం. మా పెద్దనాయనకు కుడి చెయ్యి పడిపోయినప్పుడు దేవరకొండ దగ్గరి మా ఇంట్లోనూ అదే జరిగింది. పెద్దమ్మ ముద్ద కలిపి నోటికి అందించేది, అంగీ గుండీలు మేము పెట్టేవాళ్లం, మిగిలినవన్నీ ఆయన ఎడమ చేత్తో నెట్టుకొచ్చేవాడు. కుడి చెయ్యి మరింత వెనకబడడానికి మా సేవే కారణమవుతోందని మూడు నెలల తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే గానీ మాకు తెలియలేదు.

కుడి చేతిని నడిపేది మెదడులోని ఎడమ భాగం. రక్తం అందక అక్కడ చనిపోయిన కణాలు తిరిగి రావు గానీ, చుట్టుపక్కల బతికి ఉన్న కణాలు ఆ పనిని కొంతవరకు అందుకోగలవు. అయితే పని పెట్టినప్పుడే అందుకుంటాయి. 1996లో అమెరికాలో రాండాల్ఫ్ నూడో అనే శాస్త్రవేత్త బృందం కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, మెదడుకు చిన్న దెబ్బ తగిలాక చేతికి సాధన లేని కోతుల్లో మెదడులో ఆ చేతికి చెందిన ప్రాంతం ఇంకా కుంచించుకుపోగా, సాధన చేయించిన వాటిలో అది నిలిచింది. పావురం రక్తం పూయిస్తూ, పసరు మందుల కోసం తిరుగుతూ గడిపే వారాల్లో మనం పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా సొంతంగా విప్పగలిగే వారికే కింది సాధన పనికొస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు చేయించాలో డాక్టరు చెప్పాలి; తొందరపడి మొదటి రోజుల్లోనే ఎక్కువ చేయించడం మంచిది కాదు. వేలాడే చేతిని పట్టుకుని మనిషిని లేపకూడదు, భుజం కీలు జారుతుంది.

మేము బత్తాయిలతో మొదలుపెట్టాము, నల్లగొండ జిల్లాలో వాటికి కొదవ లేదు కనుక. గంపలోని కాయను కుడి చేత్తో పట్టి పక్కనున్న పళ్లెంలో పెట్టడమే పని. పట్టుకోవడం కన్నా వదలడం కష్టమని అప్పుడు అర్థమైంది: కాయ పళ్లెం మీదికి వచ్చినా వేళ్లు విచ్చుకునేవి కావు, ఆయన వాటి వైపే చూస్తూ ఊపిరి బిగపట్టేవాడు. పదిసార్లలో ఏడెనిమిది సార్లు కుదిరాక నిమ్మకాయలకు, తర్వాత చింతగింజలకు వచ్చాము. చివరకు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పల్లికాయను నొక్కి ఒలవడం పెట్టాము. పని మరీ సులువైతే మెదడు కొత్తగా నేర్చుకునేది ఉండదు, మరీ కష్టమైతే మనిషి విసుగుతో ఎడమ చెయ్యి చాస్తాడు. కనుక ఈ రెండింటి మధ్య కొలత పట్టుకోవడమే ఇంటివాళ్ల నేర్పు.

ఎడమ చెయ్యి జోక్యం చేసుకోకుండా దానికి గుడ్డ సంచి లాంటి తొడుగు వేస్తారు. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని తీసుకుని, వారిలో ఒక వర్గానికి రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం తొడుగు ఉంచే లక్ష్యంతో సాధన చేయిస్తే, మామూలు వైద్యం పొందినవారి కన్నా వారి చెయ్యి బాగా మెరుగైంది. ఇంట్లో అంత సాధ్యం కాదు. మేము పూటకు గంట మాత్రమే, కూర్చున్నప్పుడే వేశాము. నడిచేటప్పుడు, పొయ్యి దగ్గర, స్నానాల గదిలో తొడుగు ఉండరాదు.

మిగిలిన సమయానికి ఇల్లే సర్దాలి. చెంబు, కండువా, ఫోను మంచానికి కుడివైపు చేతికందే దూరంలో పెట్టండి. గుండీ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టినా ఎవరూ సాయం వెళ్లకండి. ఈ మాట పెద్దనాయన కన్నా పెద్దమ్మకు నేర్పడానికే మాకు ఎక్కువ రోజులు పట్టింది.

సాధన మధ్యలో మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి ఉన్నట్టుండి మళ్లీ బలహీనపడినా, వెంటనే 108కి ఫోను చేయండి. మెదడుకు రక్తం అందకుండా అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు.