హిమోఫీలియా ఉన్నవారికి యూడీఐడీ కార్డు: దరఖాస్తు విధానం, ముందు చేయించుకోవాల్సిన పరీక్షలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో హిమోఫీలియా ఒకటి. అంటే రక్తం సరిగా గడ్డకట్టని ఈ జబ్బు ఉన్నవాళ్లు కూడా వైకల్య ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు (దివ్యాంగులకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కార్డు) దరఖాస్తు చేసుకోవచ్చు. "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మనకెందుకిస్తారు" అని ఆగిపోనక్కర్లేదు. ఆన్‌లైన్ ఫారం నింపడం పెద్ద పనేమీ కాదు. చిక్కంతా రిపోర్టుల దగ్గరే వస్తుంది.

ముందు రిపోర్టులు

దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం, పిల్లాడు పాకే వయసు నుంచే ఒంటి మీద నీలం మచ్చలు, మోకాలో మోచెయ్యో ఉన్నట్టుండి వాయడం. ఇవి చూసి డాక్టర్లు మొదట ప్లేట్‌లెట్ల పరీక్ష, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రాస్తారు. హిమోఫీలియాలో మామూలుగా ప్లేట్‌లెట్లు, పీటీ బాగానే ఉంటాయి, ఏపీటీటీ మాత్రం పెరుగుతుంది. జబ్బు స్వల్పంగా ఉంటే అదీ మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి ఈ రిపోర్టులతో దరఖాస్తుకు వెళ్తే సరిపోదు. కావాల్సింది ఫ్యాక్టర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్లు ఎంత శాతం ఉన్నాయో చూసేది. ఫ్యాక్టర్ 8 తక్కువైతే హిమోఫీలియా ఏ, ఫ్యాక్టర్ 9 తక్కువైతే బి. ఒక శాతం కంటే తక్కువుంటే తీవ్రం, 1 నుంచి 5 వరకు మధ్యస్థం, ఆపైన 40 లోపు స్వల్పం.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ఫ్యాక్టర్ ఇంజెక్షన్ వేయించుకున్న వెంటనే రక్తం ఇస్తే రిపోర్టులో శాతం ఎక్కువ కనబడుతుంది. కిలో బరువుకు ఒక యూనిట్ ఎక్కించినా ఫ్యాక్టర్ 8 దాదాపు 2 శాతం పెరుగుతుంది. తీవ్రమైన జబ్బు కాగితం మీద స్వల్పంగా మారిపోతుందన్నమాట. అందుకే చివరి ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి. అలాగని రిపోర్టు కోసం రక్తస్రావాన్ని ఓర్చుకుంటూ ఇంజెక్షన్ వాయిదా వేయొద్దు. పాత రిపోర్టు ఉంటే అదే వాడుకోవచ్చు. మరో సంగతి, శాంపిల్ గంటల తరబడి అలాగే ఉండిపోతే ఫలితం మారిపోతుంది. ఊళ్లో తీసి నగరానికి పంపే సెంటర్ కంటే ఈ పరీక్ష అక్కడే చేసే ఆసుపత్రికి వెళ్లడం మేలు.

ఎక్కించిన ఫ్యాక్టర్‌కు వ్యతిరేకంగా ఒంట్లో ఇన్హిబిటర్లు (దాన్ని పనిచేయనివ్వని యాంటీబాడీలు) తయారైతే మామూలు ఇంజెక్షన్ పని చేయదు. వాళ్లకు ఆ ఫ్యాక్టర్‌తో పని లేకుండానే రక్తం గడ్డకట్టేలా చేసే బైపాసింగ్ మందులు వాడతారు. హిమోఫీలియా ఏ అయితే రక్తస్రావం రాకుండా చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ కూడా ఉంది. మీకు ఇన్హిబిటర్లు ఉంటే ఆ రిపోర్టు, వాపు వచ్చిన కీళ్ల ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీలు, ఏ రోజు ఎన్ని యూనిట్లు వేశారో రాసుకున్న పుస్తకం అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్‌లో సదరం (వైకల్య నిర్ధారణ పరీక్షల శిబిరం) స్లాట్‌ను గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ తీసుకోవాలి. తెలంగాణలో 2025లో సదరం స్థానంలోకి యూడీఐడీ పోర్టల్ వచ్చింది. ఆధార్, ఫోటో, చిరునామా పత్రం చేతిలో ఉంచుకోండి. వైకల్యం రకం అడిగిన చోట "హిమోఫీలియా" అనే ఎంచుకోవాలి, అక్కడ తప్పు పడితే వేరే విభాగం డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ రాసి పెట్టుకోండి. సొంత జిల్లాలోనే కాదు, మీరు వైద్యం చేయించుకుంటున్న ప్రభుత్వాసుపత్రిలో కూడా పరీక్షకు కోరవచ్చని నిబంధనలున్నాయి. అన్ని జిల్లాల్లోనూ రక్త వ్యాధుల నిపుణులు దొరకరు కాబట్టి ఈ వెసులుబాటును వదులుకోవద్దు.

వైకల్యాన్ని నిర్ధారించే మెడికల్ బోర్డు ముందు ఒరిజినల్ రిపోర్టులు చూపించాలి. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం మూడు నెలల్లోగా నిర్ణయం రావాలి. బోర్డు వేసిన వైకల్య శాతం 40 లోపుంటే కార్డు తెల్లగా, 40 నుంచి 80 లోపుంటే పసుపుగా, 80, ఆపైన నీలంగా ఉంటుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

ఏమొస్తుంది, ఏం రాదు

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్‌కు అర్హత ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం కోటాలో మాత్రం హిమోఫీలియా పేరు లేదు. చట్టంలో ఇది పెద్ద లోటే అని నా అభిప్రాయం. కీళ్లు దెబ్బతిని నడక కష్టమైనవాళ్లు చలన వైకల్యం కింద విడిగా పరీక్ష చేయించుకోవచ్చు. రక్తం సరిగా గడ్డకట్టని మరో జబ్బు వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి పేరు చట్టం షెడ్యూల్లోనే లేదు, లక్షణాలు దగ్గరగా ఉన్నా సరే.

రైలు రాయితీకి ఈ కార్డు చాలదు. తీవ్ర, మధ్యస్థ హిమోఫీలియా ఉన్నవారు చికిత్సకు, చెకప్‌కు వెళ్లేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వే వాళ్ల సొంత నమూనా ఉంటుంది. దాని మీద ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి.