జబ్బు పుంజును చూసుకునే ముందు ఇవి చూడండి

ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానలు దిగితే మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో కోళ్లు ముడుచుకునే రోజులే.

• ముక్కుతూ, పచ్చగా పారుతున్న పుంజును ఆ పూటే మంద నుంచి తీసేయండి. కొక్కెర తెగులైతే (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) రెట్ట, చీమిడి, నీళ్లతొట్టి ద్వారా మందంతా పోతుంది. ఇరవై అడుగుల దూరంలో, గాలివాలుకు కిందవైపు గంప బోర్లించండి.

• మేత, నీళ్లు ముందు మంచి కోళ్లకు, చివర జబ్బుదానికి. చెప్పుల అడుగున అంటుకున్న రెట్టే తెగులును మోసుకొస్తుంది.

• జబ్బు కోడికి టీకా వేయించకండి, ఇంకా కుంగుతుంది. మంచివాటికి వేయాలా అన్నది పశువుల డాక్టరు చెప్పాలి. చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి.

• నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొన మాత్రం నీళ్లలో తాకించండి, అదే తాగుతుంది.

• పొద్దున్నే మెడ కింద మేతసంచి తడమండి. మెత్తగా, ఖాళీగా ఉంటే ఉప్పు లేని రాగిసంగటి పలచగా కలిపి పెట్టండి. గట్టిగా రాయిలా ఉంటే గింజ వద్దు, డాక్టరుకు చూపించండి.

• కోలుకున్నాక మందలో కలపడానికి రెండు వారాలు ఆగండి. లేచి కూసిందని వదిలేస్తారు; రెట్టలో వైరస్ ఇంకా పోతూనే ఉండొచ్చు.

• మందలో ఈలోపు ఇంకో పుంజు పెద్దరికం తీసుకుని ఉంటుంది. పగలు వదిలితే జుట్టు రక్తమయ్యేదాకా పోట్లాటే. వలగూడులో మూడు నాలుగు రోజులు ఎదురెదురుగా చూడనిచ్చి, చీకటి పడ్డాక గూట్లో కూర్చోబెట్టండి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు, అంతకు మించితే ఒకటి అమ్మేయండి.