పక్షవాతం తరువాత నడక కుదురుకోవడానికి తాళాన్ని ఎలా వాడాలి?

పక్షవాతం నుంచి తేరుకుంటున్నవారి నడక విషయంలో పాట కన్నా తాళమే ఎక్కువ అక్కరకు వస్తుంది. సమంగా పడే దెబ్బ వింటున్నప్పుడు, తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే లెక్కగట్టి కాలిని అందుకు సిద్ధం చేస్తుంది. అమెరికాలో సంగీత చికిత్స పరిశోధకుడు మైకేల్ థాట్ బృందం 1990లలో నడక శిక్షణకు వాడి చూసిన పద్ధతి ఇదే.

బీపీ అదుపులో ఉందని డాక్టరు, ఆసరాతో నడిపించవచ్చని ఫిజియోథెరపిస్టు చెప్పాకే మొదలుపెట్టాలి.

ముందుగా నడవలోనో వసారాలోనో అడ్డంకులు తీసి, తాళమేమీ లేకుండా నడిపించి, 30 సెకన్లలో వేసిన అడుగులు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. 24 అడుగులు పడితే నిమిషానికి 48. ఫోన్లో సమంగా టిక్ టిక్‌మని దెబ్బ వేసే మెట్రోనోమ్ యాప్‌ను సరిగ్గా ఆ వేగానికే పెట్టాలి. చాలా ఇళ్లలో ఈ లెక్క వదిలేసి, రోగికి ఇష్టమని హుషారైన పాట పెడతారు. కాలు దాన్ని అందుకోలేక తడబడుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తప్పెటగుళ్ల దరువు ఎంత ఇష్టమైనా, ఆట జోరందుకున్నప్పటి వేగం ఈ పనికి పనికిరాదు. తప్పెట వాయించడం వచ్చినవారు ఇంట్లో ఉంటే, 48 దగ్గరే నిలకడగా వాయించమనడం మేలు.

కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మూడు నిమిషాలు మడమతో నేలను తాళానికి తట్టించాలి. తరువాత లేపి, బలహీనపడిన వైపు మీరు నిలబడి, నడుము దగ్గర పట్టుకొని, ప్రతి అడుగూ దెబ్బ మీద పడేలా నడిపించాలి. చచ్చుబడిన చేతిని మాత్రం లాగకూడదు. పట్టు తప్పిన భుజం కీలు సులువుగా జారుతుంది. అడుగులు కుదిరాక వేగాన్ని 48 నుంచి 50కి పెంచవచ్చు. అంగ పొట్టిదైతే మళ్లీ పాత వేగానికే రావాలి. చివర్లో శబ్దం ఆపేసి అదే లయలో నడవనివ్వాలి, ఎందుకంటే బజారులో మెట్రోనోమ్ ఉండదు.

మాట పడిపోయినవారికి 1973లో బోస్టన్‌లో రూపొందించిన మరో పద్ధతి ఉంది: ‘నీళ్లు కావాలి’ వంటి మాటను రెండే స్వరాల్లో సాగదీసి అంటూ, ఎడమచేతితో అక్షరానికో దెబ్బ వేయిస్తారు. దీన్ని స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకొనే చేయించాలి. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన బంధువులున్నా శ్రుతి, లయలకు సాయపడగలరే తప్ప చికిత్స నిర్ణయించలేరు.

కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే కూర్చోబెట్టాలి. మూతి వంకరపోయినా, మాట కొత్తగా ముద్దయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.