తీసేసినా మళ్లీ వచ్చే వైరస్‌కు ఆఫ్‌లైన్ స్కాన్

వైరస్ తీసేశామని మెసేజ్ వస్తుంది, రీస్టార్ట్ చేయగానే అదే మళ్లీ కనిపిస్తుంది. మా చెల్లి ల్యాప్‌టాప్‌తో రెండు రోజులు ఇదే టెన్షన్. ఫార్మాట్ చేయించే ముందు ఇది చేసి చూడండి.

స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, కింద మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని స్కాన్ నౌ నొక్కండి. పనులన్నీ సేవ్ చేసుకుని, ఛార్జర్ పెట్టి ఉంచండి. సిస్టమ్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ లోడ్ కాకముందే స్కాన్ మొదలవుతుంది. దాదాపు 15 నిమిషాలు పడుతుంది. ఫలితం తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ఇప్పటి చాలా సిస్టమ్‌లలో విండోస్‌ను మొదలుపెట్టే బూట్ ఫైళ్లు సి డ్రైవ్‌లో కాదు, ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో (డిస్క్‌లో వేరు చేసిన భాగం) ఉంటాయి. చాలా సిస్టమ్‌లలో అది 100 ఎంబీయే. డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి మామూలుగా కనిపించదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించినా, అనవసరమనుకుని దయచేసి డిలీట్ చేయకండి, విండోస్ ఇక తెరుచుకోదు.

డిస్క్‌ను లాక్ చేసి ఉంచే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రీస్టార్ట్‌లో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే అక్కడే ఆగిపోతారు, ముందే రాసి పెట్టుకోండి.