స్విట్జర్లాండ్ వేసవికి కార్తెల లెక్క పనిచేయదు: కొత్తగా వెళ్తున్న మనవాళ్లకు

జూన్, జూలై నెలల్లో చదువుకో ఉద్యోగానికో స్విట్జర్లాండ్ బయలుదేరే అనంతపురం, కర్నూలు, కడప పిల్లలు ముందుగా అడిగేది చలికోటు గురించి. దానికి అక్టోబరు దాకా తొందర లేదు, అక్కడికి వెళ్లాకే కొనుక్కోవచ్చు. దిగిన మొదటి వారంలోనే పనికొచ్చేది వానకోటు. మన ఇళ్లలో చాలామందికి అది ఉండదు, ఉండవలసిన అవసరమూ పెద్దగా రాదు.

మనకు వాతావరణమంటే కార్తెల లెక్క. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిరకు కాస్త చల్లబడుతుంది, ఆ తర్వాత వాన కోసం ఎదురుచూపు. ఏప్రిల్ నెలలో రేపు ఎండ కాస్తుందా అని అడిగేవారు మన జిల్లాలో ఎవరూ ఉండరు. అనంతపురంలో ఏడాది పొడవునా పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆల్ప్స్ అంచున ఉన్న లూసర్న్‌లో దానికి రెట్టింపు పడుతుంది, అందులోనూ పెద్ద వాటా వాళ్లు వేసవి అని పిలుచుకునే జూన్, జూలై, ఆగస్టులదే. కాబట్టి అక్కడ వారం మొత్తానికి ఒకే అంచనా పెట్టుకోవద్దు. రోజును కూడా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా విడదీసి చూడటం నేర్చుకోవాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూ తిరిగేదే.

జూలైలో ఒక వారం ఇలా గడవవచ్చు. ఊరు లూసర్న్ అనుకుందాం. సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరి ఎత్తు 435 మీటర్లు, అంటే మన అనంతపురం కంటే ఓ వంద మీటర్లే ఎక్కువ. సోమ, మంగళవారాల్లో ఎండ 31, 32 డిగ్రీలు. పక్కింటివాళ్లు వేడి వేడి అని వాపోతుంటే 44 చూసి వచ్చిన మనకు నవ్వొస్తుంది. ఆ నవ్వు రాత్రి దాకా నిలవదు. అద్దె ఇళ్లలో పైకప్పుకు ఫ్యాను ఉండదు, ఏసీ ఉండదు, గోడలు లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా కట్టినవి. పై అంతస్తులో, వాలు కప్పు కింద గది దొరికినవారి అవస్థ మరీ ఎక్కువ. కిటికీల బయటి షట్టర్లు పొద్దున ఎనిమిదికల్లా దించి, సాయంత్రం చల్లబడేదాకా ఎత్తకండి. రాత్రి అన్ని కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి. మన పాత మిద్దెల్లో అవ్వలు చేసిన పనే ఇది. టేబుల్ ఫ్యాను మాత్రం ముందే కొనిపెట్టుకోండి. వేడి మొదలయ్యాక అందరూ ఒకేసారి దుకాణానికి పరిగెత్తుతారు.

బుధవారం తెల్లవారేసరికి ఆకాశంలో మచ్చ కూడా ఉండదు. పదకొండుకు కొండల నెత్తిన చిన్న తెల్ల మబ్బులు పుడతాయి. ఒంటిగంటకు అవి నిలువునా ఎదుగుతాయి, అడుగుభాగం నల్లబడుతుంది. నాలుగింటికి ఉరుములు, ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్లు. ఎండకు కొండవాలుల మీది గాలి తొందరగా వేడెక్కి పైకి లేస్తుంది, దానిలోని తేమ ఎత్తున చల్లబడి మబ్బు కడుతుంది. వాన పొద్దున కాక మధ్యాహ్నం దాటాక రావడానికి కారణం ఇదే. ఉరిమే మబ్బు కురవదనే మన సామెతను బెంగళూరు విమానాశ్రయంలోనే వదిలి వెళ్లండి. అక్కడ ఉరిమిన మబ్బు కురుస్తుంది, ఇంకా ఉరమని మబ్బు కూడా కురుస్తుంది.

గురువారం పడమటి నుంచి చల్లగాలి దిగితే మధ్యాహ్నం కూడా 14 డిగ్రీలు దాటదు, రోజంతా ముసురు. శుక్రవారం తెరిపి ఇచ్చాక తలెత్తి చూస్తే ఎత్తైన శిఖరాల మీద కొత్తగా మంచు! నిన్నమొన్నటిదాకా చెమట పట్టిన ఊరి నుంచే అది కనిపిస్తుంది. శనివారానికి 22, ఆదివారానికి మళ్లీ 27. ప్రతి వారమూ ఇలాగే ఉండదు. పదిరోజులు వరసగా ఎండ కాయవచ్చు, పదిరోజులూ ముసురు పట్టవచ్చు. ఇలాంటి వారం వచ్చినప్పుడు మాత్రం కంగారు పడకండి, అది అక్కడ మామూలు వారమే.

ఎత్తు లెక్క కూడా తెలిసి ఉండాలి. సుమారుగా ప్రతి వంద మీటర్లకు 0.6 డిగ్రీ తగ్గుతుందని పట్టుకోండి. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు, దానికే మనం శాలువా తీసుకెళ్తాం. లూసర్న్ దగ్గరి టిట్లిస్ అనే మంచుకొండ మీద కేబుల్ కారు దింపే చోటు 3,020 మీటర్లు. ఊళ్లో 25 ఉంటే అక్కడ తొమ్మిది పది ఉంటుంది, గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువగా తగులుతుంది. అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు అందరూ తీసుకెళ్లేది అక్కడికే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. కాళ్లకు చెప్పులతో, కాటన్ చీరతో, ఊళ్లో ఎండగానే ఉంది కదా అన్న ధీమాతో పెద్దవాళ్లను మంచు మీదికి ఎక్కించకండి. బూట్లు, సాక్సులు, స్వెటరు, దానిమీద గాలి దూరని కోటు ఉండాలి. అంత ఎత్తులో గాలి పలుచన కనుక ఆయాసం వస్తుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగాకే వెళ్లాలి, వెళ్లినా మెల్లగా నడవాలి. చల్లగా ఉందని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు పది శాతం పెరుగుతుంది, మంచు వాటిని తిరిగి ముఖం మీదికే కొడుతుంది. ఎండల్లో పుట్టి పెరిగిన మన చర్మం కూడా కమిలిపోతుంది. సన్‌స్క్రీన్, నల్లద్దాలు అక్కడ సోకు కోసం కాదు.

లూసర్న్ పక్కనే పిలాటుస్ అనే 2,128 మీటర్ల కొండ ఉంది. స్థానికులకు దానిమీద ఒక పాత పద్యం ఉంది. కొండ టోపీ పెట్టుకుంటే మంచి రోజు, కత్తి కట్టుకుంటే వాన. శిఖరం మీద చిన్న మబ్బు కూర్చుంటే టోపీ, పొడుగాటి మబ్బు పక్కకు సాగితే కత్తి. వినడానికి బాగుంటుంది, చూడటం అలవాటు చేసుకోండి. బయలుదేరే ముందు మాత్రం అక్కడి జాతీయ వాతావరణ సంస్థ మెటియోస్విస్ యాప్ చూడాలి. అందులో ప్రమాద స్థాయిలు ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి, ఐదు అన్నిటికన్నా తీవ్రం. రేపు ఎండో వానో చూపే బొమ్మకన్నా ఎక్కువ పనికొచ్చేది వాన రాడార్. మబ్బు ఎటు నుంచి ఎటు కదులుతోందో అందులో కనిపిస్తుంది. కొండమీది కెమెరాలను కూడా ఇంటి నుంచే చూడవచ్చు. పైన ఏమీ కనిపించని రోజు ఖరీదైన టికెట్టు కొనడం ఎందుకు? తేదీకి కట్టుబడే చౌక టికెట్లు రోజుల ముందు కొంటే వాన వచ్చినా వెళ్లాల్సిందే, లేదా డబ్బు వదులుకోవాల్సిందే. వేసవి కొండ ప్రయాణాలకు అవి నాకు నచ్చవు.

నడకకు వెళ్తే తొలి బండికి బయలుదేరి, ఉరుములు చెప్పిన రోజు ఒంటిగంటకల్లా దిగివచ్చేయండి. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, దాన్ని చూసి ఇంకా పొద్దుందని మోసపోతారు. కిందికి దిగే ఆఖరి కేబుల్ కారు మాత్రం సాయంత్రమే వెళ్లిపోతుంది. దారి చూపే పసుపు బోర్డుల మీద రాసిన నడక సమయంలో విశ్రాంతి కలిపి ఉండదు. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలు ఉన్నది కొండదారి, దానికి గట్టి బూట్లు తప్పనిసరి. నీలం పట్టీ కనిపిస్తే కొత్తవారు వెనక్కి తిరగడమే మంచిది. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే శిఖరం, ఒంటరి చెట్టు, దారి పక్కన కట్టిన ఇనుప తాడు, అన్నిటికీ దూరంగా కిందికి రండి.

సరస్సులో ఈతకు దిగేవారు ఒడ్డున నారింజ రంగు దీపాలను గమనించాలి. నిమిషానికి 40 సార్లు వెలిగితే జాగ్రత్త అని, 90 సార్లు వెలిగితే తుఫాను గాలి వస్తోందని అర్థం. రెండోది చూశాక ఇంకో చుట్టు ఈదుదామనుకోవద్దు. కొండవాగుల సంగతి మనవాళ్లకు పెద్దగా చెప్పనక్కర్లేదు. ఎగువన ఎక్కడో కురిస్తే ఎండిన వంక ఎలా వస్తుందో మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. అక్కడ దానికితోడు జలవిద్యుత్ కేంద్రాలు ఉంటాయి. మబ్బు లేని రోజు కూడా నీరు హఠాత్తుగా వదలవచ్చు. ఒడ్డున హెచ్చరిక బోర్డు ఉన్నచోట రాళ్ల మీద కూర్చుని ఫోటోలు దిగకండి.

దక్షిణం నుంచి కొండలు దాటి దిగే వెచ్చని పొడి గాలిని ఫోన్ (Föhn) అంటారు, మన చేతిలోని ఫోను కాదు. అది వేసవిలో తక్కువ, వసంతంలో ఎక్కువ. అది వీచిన రోజు దూరపు కొండలు చేతికందేలా కనిపిస్తాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. 1861లో గ్లారుస్ పట్టణం మంటల్లో కాలిపోయినప్పుడు వీచింది ఈ గాలే. అలాంటి రోజున బాల్కనీలో బొగ్గుల పొయ్యి వెలిగించకండి.

ఫోనులో మూడు నంబర్లు ఉంచుకోండి. అంబులెన్సుకు 144, కొండల్లో హెలికాప్టరు సహాయానికి రేగా వారి 1414, ఏదీ తోచనప్పుడు 112. హెలికాప్టరు ఖర్చును మీ బీమా ఎంతవరకు భరిస్తుందో చేరిన నెలలోనే అడిగి తెలుసుకోండి.

బట్టల విషయంలో మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఎండలకు మనం నూలు బట్టలు మెచ్చుకుంటాం. కొండమీద నూలు తడిస్తే ఆరదు, ఒంటిని చల్లబరుస్తూనే ఉంటుంది. లోపల త్వరగా ఆరే చొక్కా, మధ్యలో పలుచని ఉన్ని, పైన వానకోటు వేసుకోండి. గాలివానలో గొడుగు తిరగబడుతుంది, ఊళ్లో బస్సుస్టాపు దాకానే దాన్ని నమ్మండి. సంచిలో నాలుగు వేరుశనగ ఉండలు వేసుకోండి, కొండమీది హోటల్లో టీ ధర చూశాక వాటి విలువ తెలుస్తుంది. ఇంట్లో లేనప్పుడు కిటికీలు, బాల్కనీ మీది గుడ్డ పందిరి మూసి వెళ్లాలి. గాలికి పందిరి చిరిగితే మరమ్మతు ఖర్చు మీ మీద పడవచ్చు. తడిసిన బూట్లను హీటరు మీద పెట్టి ఆరబెడదామనుకుంటారేమో, వేసవిలో ఆ హీటర్లు ఆపేసి ఉంటాయి. వాటిలో పాత వార్తాపత్రికలు కుక్కి, రాత్రి ఒకసారి కాగితం మార్చితే మర్నాటికి వేసుకోగలిగేంత ఆరతాయి.